పాపమ్మ కొలిచిన చెరువు

ఈ వేసవిలో మా ఎదురింటివాళ్లు మల్బరీ తోటకు చెరువు మట్టి తోలించుకున్నారు. ట్రాక్టరు తొట్టి వెనక్కి వాలగానే నల్లమట్టి పెళ్లలు పెళ్లలుగా జారి రోడ్డు పక్కన కుప్పపడింది. పైపైన ఎండి నెర్రెలిచ్చినా లోపల ఇంకా చెమ్మ ఉంది. ఆ చెమ్మలోంచి కుళ్లిన తుంగా నత్తగుల్లలూ పాత ఇనుమూ కలిసినట్టుండే వాసన వచ్చింది. కాఫీ తాగుతున్నవాణ్ణి గ్లాసు కింద పెట్టేశాను. ఆ వాసన నాకు ముక్కుతోనే కాదు, తొడల దాకా తెలుసు. అది తగిలినప్పుడల్లా నాకు నీరుగంటి పాపమ్మ గుర్తొస్తుంది.

పాపమ్మను చూడనివాళ్లకు ఆమె సంగతి చెప్పాలంటే ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి. కర్ణాటకలో బంగారుపేటకూ కేజీఎఫ్‌కూ మధ్య, రైలుదారికి కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. పాలారు మా వైపే పుడుతుంది కానీ ఇదీ నది అని చూపించడానికి మా దగ్గర ఏమీ ఉండదు. ఒక చెరువు నిండి మొరవ, అంటే అలుగు, పొర్లితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కిందిదానికి. ఆ చెరువుల వరుసే మాకు నది. వాన తక్కువైన ఏడు వరుస ఎక్కడో ఒకచోట తెగిపోతుంది. తెగినచోటికి కింద ఉన్నవాళ్లకు అంతే సంగతులు. ప్రతి చెరువుకూ ఒక నీరుగంటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎప్పుడు ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం అతని పని. మా ఊళ్లో ఆ పని మునివెంకటప్పది. అతను పోయాక అతని భార్య పాపమ్మ పార భుజాన వేసుకుని కాలువ మీదికి వచ్చింది. ఆడమనిషి తూము తీయడమేమిటని కొందరు నసిగారట. ‘నీళ్లకు తెలస్తాదా ఎవురు తీసినారో?’ అందట ఆమె.

నేను అప్పుడు ఊళ్లో లేను. కేజీఎఫ్‌లో బంగారు గనుల ఆఫీసులో హాజరు రాసే గుమాస్తాను. అక్కడ నీళ్లంటే శత్రువు. భూమి లోపలినుంచి తోడి తోడి బయట పారబోసేవాళ్లు. గనులు మూతపడ్డాక నలభైకి దగ్గరపడిన వయసులో భార్యతో ఊరికి తిరిగి వచ్చాను. మా నాన్న ఈ ఊరి చివరి పటేలు. మా ముత్తాత పేరు చెబితే చుట్టుపక్కల పది ఊళ్లలో జనం తలపాగా తీసేవారని నేను విన్నాను. ప్రభుత్వం పటేలు ఉద్యోగాలు తీసేసింది, దున్నేవాళ్లకు పొలాలు పోయాయి, కోర్టు వ్యవహారాల్లో మిగిలినవి పోయాయి. నాన్న కన్నుమూసేనాటికి ఉన్నది సరిగ్గా తూము కిందనున్న నాలుగెకరాల మడి. దాంతోపాటు ఒక హక్కు. తూము తీసిన రోజున మొదటి తడి పటేలు మడికే పారాలి. అది నిండాకే మిగతా ఊరికి. మనిషికి ఆస్తి పోయినా మర్యాద పోకూడదని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఆ మర్యాద మొదటి తడిలో ఉందనుకోవడం మాత్రం నా పొరపాటు.

ఊరికి వచ్చిన కొత్తలో ఒకరోజు చెరువు కట్ట మీద నడుస్తూ పాపమ్మను పలకరించాను. సన్నగా, పొడుగ్గా, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, కాలువలో తుంగ కోస్తోంది. నీరుగంటికి ఊరిచ్చిన మాన్యం ఎక్కడుందని అడిగాను.

“అదో, కడాన. ఆ తాటిచెట్టు కాడ” అని చెయ్యి చూపింది. ఆయకట్టు అంతా దాటి, కాలువ సన్నబడి గట్టులో కలిసిపోయేచోట ఒక చిన్న మడి కనిపించింది.

“అదేమిటి, నీళ్లు నీ చేతిలో ఉంటే నీ మడి అంత దూరాన ఉందే?”

“మీ పెద్దోళ్లు తెలివైనోళ్లు చిన్నయ్యా. నా మడి కడాన పెట్టినారు. నా మడి తడవాలంటే ముందర ఊరందరిదీ తడపల్ల గదా. ఇంగ నేను యాడ దొంగతనం చేసేది?” అని నవ్వి మళ్లీ తుంగ కోసుకుంది.

మా పెద్దల తెలివిని మెచ్చుకుందని ఆ రోజు నేను సంతోషపడ్డాను. ఆ ఏర్పాటులో మా మడి ఏ మూల ఉందో ఆలోచించలేదు.

నేను వచ్చిన రెండో ఏడు వానలు మోసం చేశాయి. అంతకుముందు ముప్పై ఏళ్లుగా ఊరు బోర్లను నమ్ముకుని చెరువు బాగోగులు మరిచిపోయింది. ఇప్పుడు వెయ్యి అడుగులు దించినా బోర్లలో గాలే వస్తోంది. కార్తీకంలో కురిసిన నాలుగు వానలకు చెరువులో కొంత నీరు నిలిచింది. దాంతో ఏం చెయ్యాలో తేల్చడానికి అందరూ పాల డైరీ షెడ్డులో కూడారు. బల్ల మీద నాకు చోటిచ్చారు. పాపమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

“ఈ తూరి దామాషా చేయల్ల” అందామె.

దామాషా అంటే కరువు ఏటి కట్టుబాటు. నీళ్లు ఎన్ని ఎకరాలకు వస్తాయో నీరుగంటి చెబుతుంది. తూముకు దగ్గరగా ఉన్న అన్ని ఎకరాలు మాత్రమే పండిస్తారు. ఆ నేల ఎవరిదైనా సరే, ఆ ఒక్క పంటకు దాన్ని ఊళ్లో పొలమున్న అందరూ వాళ్ల వాళ్ల భాగం ప్రకారం పంచుకుని సాగు చేస్తారు. అంటే మా నాలుగెకరాల్లో ఊరందరూ కాలు పెడతారన్నమాట. దామాషా పెట్టిన ఏడు మొదటి తడి అనే మాటే ఉండదు.

“ఎన్ని ఎకరాలకు వస్తాయి?” అని నారాయణప్ప అడిగాడు. మా మడిని ఆనుకుని అతనికి రెండెకరాలుంది. నోరు పెద్దది.

“పన్నెండు. అదీ రాగి. వరి మాట ఎత్తొద్దండి.”

అరవై ఎకరాల ఆయకట్టులో పన్నెండు! షెడ్డంతా గొణుగుడు. అప్పుడు నేను లేచాను. చెరువులో తూము దగ్గర రెండు రాతి కంబాలు ఉంటాయి. వాటిలో ఒకదాని మీద ఏడు గాట్లు. పైన ఎన్ని గాట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి ఏడులోంచి తీసేస్తే, మిగిలినన్ని గాట్ల నీళ్లు ఉన్నట్టు. గాటుకు ఆరెకరాలు. ఈ లెక్క మా నాన్న నాకు కట్ట మీద నిలబెట్టి నేర్పించాడు. మా వంశంలో ఎవరూ చెరువులోకి దిగి చూసినవాళ్లు కాదు. చూడవలసింది కట్ట మీదినుంచే చూసేవాళ్లు.

“పైన రెండు గాట్లు కనిపిస్తున్నాయి. కింద అయిదున్నాయి. ముప్పై ఎకరాలకు నీళ్లున్నాయి. దామాషా అక్కర్లేదు” అన్నాను.

“కింద మూడు గాట్లు బురదలో ఉండాయి చిన్నయ్యా. రాయి బురదను చెప్పదు” అంది పాపమ్మ. “నేను నాలుగు చోట్ల కట్టె దించి చూసినాను.”

“ఇది మా నాన్న లెక్క.”

నా మొదటి తడిని ఎత్తేయడానికి నీళ్లు తగ్గించి చెబుతోందని నాకు గట్టిగా అనిపించింది. ఊరికి నా మాట నచ్చింది. నేను పటేలు కొడుకునని కాదు. పన్నెండు కంటే ముప్పై పెద్దది, అంతే. ముప్పై అంటే నారాయణప్ప సొంత మడి అతని చేతిలోనే ఉంటుంది. “పటేలయ్య చదువుకున్నోడప్పా, లెక్క తప్పుతాడా!” అని అతనే అరిచాడు. ఎవరి మడిలో వాళ్లు కొంత కొంతగా, మొత్తం ఇరవై ఆరెకరాల్లో రాగి నాటారు. నేను మా నాలుగెకరాల్లో ఎప్పటిలాగే వరి వేశాను. తూము తీసిన రోజున మొదటి తడి మా మడికే పారింది. గట్టు మీద నిటారుగా నిలబడి చూశాను.

రెండు నెలలు గడిచాయి. ఎండలు ముందే ముదిరాయి. ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు పాపమ్మ మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. మెట్ల కింద నిలబడటం ఆమెకు అలవాటు. రమ్మని పిలవకపోవడం నాకు అలవాటు.

“చిన్నయ్యా, ఇంగ మీ వరికి నీళ్లు ఆపుతాను. మీ మడి తాగే నీళ్లతో పదెకరాల రాగి బతుకుతాది. వెన్ను తీసేదానికి వచ్చినాది.”

“ఇంకా నాలుగు గాట్ల నీళ్లున్నాయి పాపమ్మా. పొద్దునే చూశాను.”

“ఒక్క గాటుదే ఉండాది.”

“ఈ రోజు మా తడి. తూము తియ్యి.”

ఆమె నా మొహం చూసింది. ఆమె చూపులో కోపం లేదు. అలిసిపోయిన చూపు. “నా చేత్తో తియ్యను చిన్నయ్యా. పదైదేండ్లు ఈ పని చేసినాను. ఉండే నీళ్లు ఒక మడికి పోసి పది మళ్లు ఎండబెట్టలేదు. మీ తడి గదా, మీరే తీసుకోండి” అని పార మా మెట్టుకు ఆనించి వెళ్లి నీడలో కూర్చుంది.

ఒక నీరుగంటి పటేలు ఇంటి ముందు ఆ మాట అనడం మా నాన్న రోజుల్లో అయితే ఏమయ్యేదో నాకు తెలుసు. పంచె ఎగ్గట్టి, పార తీసుకుని చెరువుకు నడిచాను. ఆమె నా వెనకాలే, పది అడుగుల దూరంలో వచ్చింది.

తూము కంబాలు కట్టకు ఇరవై అడుగుల లోపల ఉంటాయి. రెండు కంబాల నడుమ రాతి పలక. పలకలో రంధ్రం. అందులో దిగిన పొడుగాటి కర్ర చివర బిరడా ఉంటుంది. కర్ర లాగితే బిరడా లేచి నీళ్లు కాలువలోకి పడతాయి. చూడడానికి ఇరవై అడుగులు. మొదటి అడుగు వేయగానే మోకాలి దాకా దిగిపోయాను. రెండో కాలు తీయబోతే మొదటిది ఇంకా లోపలికి పోయింది. నీళ్లు జానెడున్నాయి. కింద అంతా మెత్తటి, చల్లటి, అడుగు అందని బురద. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. కట్ట మీద నలుగురు ఆగి చూస్తున్నారు. వెనక్కి తిరగలేక ముందుకే పోయాను. కంబాన్ని చేరేసరికి తొడల దాకా బురదలో ఉన్నాను. తూలి కంబాన్ని పట్టుకున్నాను. చెయ్యి జారింది. పైన కనిపించే మూడు గాట్ల మీదుగా, నీళ్లలో ఉన్న నాలుగో గాటు మీదుగా జారి, మోచేతి దాకా బురదలోకి పోయింది. అక్కడ నా వేళ్లకు ఇంకో గాటు తగిలింది. కిందికి తడిమాను. ఇంకొకటి. భుజం బురదకు ఆనించి ఇంకా కిందికి చాపితే ఇంకొకటి.

మూడు.

అంతసేపూ ఆ వాసన. నేను నీళ్లనుకుని ఊరికి లెక్క చెప్పిన మూడు గాట్లలో నీటి చుక్క లేదు.

పాపమ్మ ఎప్పుడు దిగిందో చూడలేదు. ఆమె బురదలో నడవలేదు, తేలినట్టు వచ్చింది. పాదం బల్లపరుపుగా వేసి, బరువు పడకముందే రెండోది వేస్తుంది. వచ్చి నా జబ్బ పట్టుకుంది. మా ఇంటి మగవాళ్ల చెయ్యి ఆమె ఇంటివాళ్లు పట్టుకోవడం అంతకుముందు ఎప్పుడూ జరిగి ఉండదు.

“కాలు పీకొద్దు. అప్పా, కాలు పీకితే ఇంగా దిగబడతావు. మోకాలు వంచి పక్కకు తిప్పు. ఆ... అట్ల.”

ఆమె నన్ను చిన్నయ్యా అనకుండా, ఊళ్లో అందరినీ పిలిచినట్టే అప్పా అందని గట్టు ఎక్కాక గానీ గమనించలేదు.

కట్ట రాళ్ల మీద కూర్చుని ఒళ్లు కడుక్కుంటుంటే అడిగాను. “ఇంత మట్టి ఎప్పుడు పేరుకుంది?”

“మీ నాయన ఉన్నప్పుడు ఏటేటా వేసంగిలో పిలుపు ఇచ్చేవాడు. ఇంటికొక జత ఎద్దులు, ఒక మనిషి. మట్టి ఎత్తి మళ్లకు తోలుకునేవాళ్లు. పటేల్గిరీ పోయిన ఏడు పిలుపు ఆపేసినాడు. నేనిప్పుడు ఎవుర్ని పిలిచేదానికి అన్నాడు. రోషం మనిషి గదా. ఎవురో ఒకరు పిలిస్తే గదప్పా జనం వచ్చేది?”

నిందలా అనలేదు. వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టు చెప్పింది. మా నాన్న మీద అంతకంటే పెద్ద మాట నేను ఎవరి నోటా వినలేదు.

మర్నాడు పొద్దున పాలు పోసే వేళకు డైరీ దగ్గరికి వెళ్లాను. క్యాన్లు పట్టుకుని జనం వరుసలో ఉన్నారు. బల్ల మీద కూర్చోలేదు. “నేను కట్ట మీదినుంచి చూసి ముప్పై అన్నాను. తప్పు చెప్పాను. పాపమ్మ లెక్కే నిజం. ఈ రోజునుంచి మా వరికి నీళ్లు వద్దు. తూము పక్క పదెకరాల రాగికి పెట్టండి. దిగుబడి దామాషా ప్రకారం అందరూ పంచుకోండి” అన్నాను.

నారాయణప్ప నా కాళ్ల వంక చూశాడు. “పటేలయ్య కాళ్లకు బురద అంటినాదే! మంచిది. మరి కడాన ఎండిపోయే మళ్ల సంగతేంది? నీ లెక్క నమ్మి నాటినారు గదా?”

“దానికి నా దగ్గర జవాబు లేదు.”

“జవాబు లేదంటే కడుపు నిండుతాదా?” అన్నాడు. అతని మడి ఆ పదెకరాల్లోనే ఉంది. అయినా అడిగాడు. అడగడం న్యాయమే.

ఆ తర్వాతి నెల రోజులూ కాలువలో నీళ్లు మా మడి గట్టును రాసుకుంటూ ముందుకు పోయేవి. గట్టుకు ఇటు వరి పసుపు తిరిగి, తర్వాత గడ్డి రంగుకు వచ్చింది. నా భార్య రోజూ అటు చూడకుండా నడిచేది. నేను చూసేవాణ్ణి. పదెకరాల రాగి చేతికొచ్చింది. పదహారెకరాలు పోయాయి. పోయినవాటిలో తాటిచెట్టు దగ్గరి పాపమ్మ మడి కూడా ఉంది. ఆమె ఎండిన రాగి కోసి మేకకు వేస్తుంటే వెళ్లి నిలబడ్డాను. క్షమించమనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. అది గమనించి ఆమే అంది. “వేసంగికి పిలుపు ఇయ్యి. నీ గొంతు పెద్దది.”

పిలుపిచ్చాను. పటేలుగా కాదు, ఆ హోదా లేదు. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. గుమ్మాల ముందు నిలబడి అడగడం నాకు కొత్త. ఎద్దులు ఎవరికీ లేవు, ట్రాక్టర్లు నాలుగు దొరికాయి. మొదటి వేసవిలో ఒక గాటు బయటపడింది. మా నాలుగెకరాలకు మేం తోలుకున్న మట్టిలోంచి ఆ రోజు పోయిన చెప్పు దొరికింది. పాపమ్మ దాన్ని కట్టెతో ఎత్తి చూపించి ఊరందరినీ నవ్వించింది.

మరుసటి ఏడు ఇంకో గొడవ. వానలు పడ్డా మాకు నీళ్లు దిగలేదు. మా పై ఊరివాళ్లు వాళ్ల చెరువు మొరవ మీద ఇసుక మూటలు పేర్చి, పొర్లవలసిన నీటిని ఆపుకున్నారు. జనం కోపంగా ఉన్నారు. పోయి మూటలు లాగేద్దామన్నారు. పోలీసులకు చెబుదామని నేనన్నాను. పాపమ్మ మాత్రం నన్ను మా చెరువు మొరవ దగ్గరికే తీసుకెళ్లింది.

“ఈ పై వరస రాళ్లు చూడప్పా. ఎవురు పెట్టినారు?”

నాకు తెలుసు. మా తాత పెట్టించాడు. చెరువు మట్టం ఒక మూర పెంచిన పటేలని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు.

“ఆ మూర నీళ్లు కింది ఊరివి. ముందర ఈ రాళ్లు ఎత్తేద్దాం. ఇంగ పై ఊరికి పోయి అడిగేదానికి మనకు మొగముంటాది.”

రెండు రోజులు పట్టింది నాకు ఒప్పుకోవడానికి. చివరికి గడ్డపార నేనే పట్టాను. మా తాత పని వేరేవాళ్ల చేత పడగొట్టించడం నాకిష్టం లేదు. కింది ఊరివాళ్లు పదిమంది వచ్చి దూరంగా నిలబడి చూశారు. పోయేటప్పుడు ఒక ముసలాయన మాత్రం పాపమ్మకు తమలపాకులు ఇచ్చి వెళ్లాడు. పై ఊరివాళ్లు వెంటనే ఒప్పుకున్నారని రాస్తే అబద్ధం. రెండేళ్లు తిరిగాం. మా మొరవ తగ్గించామని విని వాళ్లు మనిషిని పంపి కొలిపించుకున్నారు. ఆ తర్వాతే మూటలు కదిలాయి.

చెరువులకు సంఘాలు పెట్టి, నీటి హక్కులు కాగితం మీద రాయాలని ప్రభుత్వం నిర్ణయించాక తాలూకా ఆఫీసులో ఒక సమావేశం జరిగింది. మా సంఘానికి నేను కార్యదర్శిని. అధికారి కన్నడంలో మర్యాదగా మాట్లాడాడు. ఏ సర్వే నంబరుకు ఎన్నో హక్కు, మొదటిది ఎవరిది, రెండోది ఎవరిది అని పట్టిక తయారు చేయమన్నాడు. నేను పెన్ను తీశాను. పాపమ్మ వెనక వరసలోంచి లేచింది.

“సార్, మొదటి మడి సంగతి రాసే పని లేదు. దానికి ఎట్లున్నా నీళ్లు అందుతాయి. కడాన ఉండే మడికి ఏ దినం నీళ్లు అందినాయో అది రాయమనండి. ఏటేటా అదొక్కటి రాస్తే చాలు. ఆ ఊళ్లో నీళ్లు ఎట్ల పారినాయో మీకు ఆఫీసులో కూర్చునే తెలస్తాది.”

అధికారి నవ్వి, తర్వాత నవ్వు ఆపి, ఆ మాట రాసుకున్నాడు. అది పట్టికలో చేరిందో లేదో నాకు తెలియదు. మా సంఘం పుస్తకంలో మాత్రం మొదటి పేజీ నుంచి ఆ ఒక్క వరుసే ఉంది: కడాన మడి తడిసిన రోజు.

పాపమ్మకు చివరి రెండేళ్లు కీళ్లు పట్టేశాయి. కొడుకు రోజూ మారికుప్పం రైలెక్కి బెంగళూరులో పనికి పోతాడు. నీరుగంటి పని అతనికి వద్దు. ‘మా అమ్మ దిగిన బురద చాలు’ అన్నాడు. ఆ మాటను కాదనే హక్కు ఈ ఊళ్లో ఎవరికీ లేదు, మాకు అసలే లేదు. ఆమెను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. వెళ్లిన మొదటి రోజు ఆమె మంచం మీదినుంచి లేవబోయింది. నేను కూర్చున్నాక గానీ మళ్లీ పడుకోలేదు. ఒకసారి, తూము పని ఇక ఎవరు చూస్తారని నేను అడగబోతే ఆమే నన్ను అడిగింది.

“నువ్వు చేస్తావా అప్పా?”

“చేస్తాను. ఊరు ఒప్పుకుంటే. కానీ కళ్లాల్లో నీరుగంటికిచ్చే గింజలు నాకొద్దు. ఊరికే చేస్తాను.”

ఆమె మోచేతి మీద లేచింది. అంత కోపం ఆమె మొహంలో నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి ముందు పార ఆనించిన రోజున కూడా చూడలేదు.

“ఊరికే చేసేదానికి నువ్వెవురు? మళ్లా పటేలువా? గింజలు తీసుకోకుంటే నిన్ను ఎవురు అడుగుతారు? కడాన మడి ఎండినప్పుడు వాడు వచ్చి నిన్ను తిట్టల్ల. ఊరికే చేసేవాణ్ణి ఎట్ల తిడతాడు? అయ్యో పాపం, పెద్ద మనిషి అని నోరు మూసుకుంటాడు. నా మొగుడు తీసుకున్నాడు, నేను తీసుకున్నాను. ప్రతి కుప్ప కాడా ఒక చేటెడు. వంగి తీసుకో. లేకుంటే పని ముట్టొద్దు.”

ఆ వానాకాలం రాకముందే ఆమె పోయింది. మా నాన్న నాకు వంగకూడదని నేర్పాడు. ఆ పాఠం చెడ్డదని ఇప్పటికీ అనను. ఎక్కడ వంగాలో చెప్పినది మాత్రం పాపమ్మే.

నేను తూము పని అందుకుని ఇప్పటికి ఎనిమిది పంటలయ్యాయి. నా మేనత్త కొడుకులు నాతో మాటలు మానేశారు. పటేలు వంశంవాడు చేటెడు గింజలకు కళ్లాల వెంట తిరుగుతున్నాడని పెళ్లిళ్లలో చెప్పుకుంటారని తెలుసు. నిజమే, తిరుగుతాను. పోయిన పంటకు నారాయణప్ప కళ్లానికి వెళ్లాను. కండువా విప్పి రెండు చేతులా పట్టుకుని వంగాను. అతను చేటతో రాగులు ఎత్తాడు, పోయలేదు.

“ఈ తూరి కడాన రెండు మళ్లకు ఒక తడి ఎగ్గొట్టినావు. ఏం, కళ్లు కనిపించడంలేదా? చేతగాకుంటే చెప్పు, వేరేవాణ్ణి చూసుకుంటాం.”

ఆ రెండు మళ్లు అతనివి కావు. కాలువలో ఎక్కడో గండి పడిన మాట నిజం, నేను రెండు రోజులు ఆలస్యంగా చూసిన మాటా నిజం.

“నా తప్పే. కాలువ చూసి సరిచేస్తాను” అన్నాను.

“సరిచెయ్యి మరి” అంటూ చేటెడు రాగులూ నా కండువాలో పోశాడు. నాలుగు చెరగులూ ముడివేసి భుజానికెత్తుకుని పక్క కళ్లానికి నడిచాను.